నూకరత్నం మాట

మా ఆవిడ నన్ను తిట్టడం మానేసిన రోజు నాకిప్పటికీ గుర్తే. శ్రావణమాసం, మంగళవారం, ఉదయం ఎనిమిదిన్నర. తడి తువాలు మంచం మీద పడేసి చొక్కా వెతుక్కుంటున్నాను. పెళ్ళయిన ఆరేళ్ళుగా రోజూ చేసే తప్పే అది, రోజూ దానికో తిట్టు ఉండేది. ఆ రోజు ఆవిడ తువాలు వైపు చూసింది, నా వైపు చూసింది. "దయచేసి దీనిని తీగపై ఆరవేయండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చొక్కా ఒక చేతికి తొడుక్కుని అలాగే నిలబడిపోయాను. దయచేసిట!

నా పేరు ఓదెలు. మాది పెద్దపల్లి దగ్గర ఒక పల్లె. పని వెతుక్కుంటూ కాకినాడ వచ్చి, డాక్టర్ పేరిందేవి గారి పరిశోధనశాలలో యంత్రాలు చూసుకునేవాడిగా కుదిరాను. మనిషి నోట మాట ఎలా పుడుతుందన్నది ఆవిడ పరిశోధన. ఆవిడ బుర్రతో చేసింది నేను చేత్తో చేసేవాణ్ణి. తీగలు అతకడం, గొంతులు రికార్డు చేయడం, పాడైంది విప్పి మళ్ళీ బిగించడం. కాబట్టి జరిగినదాంట్లో నా చెయ్యి చాలానే ఉంది.

నూకరత్నం జగన్నాథపురం పిల్ల. ఓడల ఏజెంటు ఆఫీసులో టైపిస్టుగా చేసేది. ఆ ఆఫీసులో మైకు బాగుచేయమంటే వెళ్ళాను. మెట్లెక్కుతుంటే పైనుంచి ఒక గొంతు, "ఏవండోయ్, ఆ మూడో మెట్టు ఊగుతాదండి, చూసుకుని రండి" అంది. నేను అప్పటికే మూడో మెట్టు మీంచి జారి కింద ఉన్నాను. ఆవిడ గబగబా దిగి వచ్చి, నవ్వు ఆపుకోకుండానే నన్ను లేపింది. "చెప్తానే ఉన్నాను గదండీ. చెవులు కళ్ళజోడు పెట్టుకోడానికేనా మీకు?" అంది. మా ఊళ్ళో అండీ అంటే పరాయితనం. అండీ అంటూనే నెత్తి మీద మొట్టవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. ఆ మాట వినడానికే పెళ్ళి చేసుకున్నానంటే మా అన్న నన్ను పిచ్చోడన్నాడు. అననీ!

ఇంట్లో ఆవిడ మాట ఆగేది కాదు. పాలు పొంగితే పాలను తిట్టేది, కాకి వస్తే కాకిని పలకరించేది, చీపురు కనపడకపోతే దాన్ని పేరు పెట్టి పిలిచేది. నేను పక్కగదిలో కూర్చుని ఏ పనీ చేయకుండా వింటూ ఉండేవాణ్ణి. అంతకంటే సుఖం నాకు ఆ తర్వాత దొరకలేదు.

అన్నిటికీ మూలం ఒక ఓడ. ఆఫీసులో ఓడల మీదికి వెళ్ళి కెప్టెన్లతో మాట్లాడి వచ్చే గుమాస్తాకు కామెర్లు వచ్చాయి. ఇంగ్లీషు ఉత్తరాలన్నీ తప్పు లేకుండా రాసేది నూకరత్నమే కాబట్టి, ఆ ఒక్క రోజుకూ ఆవిణ్ణి పంపారు. లాంచీలో వెళ్ళింది, తాళ్ళ నిచ్చెన ఎక్కింది, కాగితాలు ఇచ్చింది, సంతకాలు తీసుకుంది. అంతా బాగానే ఉంది. వచ్చేటప్పుడు కెప్టెన్‌కు దండం పెట్టి, "ఐ విల్ గో అండ్ కమ్ సార్" అంది. మనం గడప దిగుతూ వెళ్తున్నానని అనం కదా, వెళ్ళొస్తానంటాం. ఆ తెల్లాయన నమ్మాడు. వస్తానన్న మనిషి వస్తుందని లంగరు ఎత్తకుండా రెండు గంటలు ఓడ ఆపి కూర్చున్నాడు.

ఆఫీసులో నెల రోజులు నవ్వారు. "గో అండ్ కమ్ గారొచ్చారండోయ్" అని ప్యూను కూడా అనేవాడు. ఆ ఉద్యోగం తనకే రావాలని, ఆ నిచ్చెన మళ్ళీ ఎక్కాలని ఆవిడ మనసులో అప్పుడే పడింది. ఒక రోజు నాకు చెప్పకుండా మా పరిశోధనశాలకు వచ్చి పేరిందేవి గారి ముందు నిలబడింది.

"మేడం గారూ, నాకు పట్టీ వెయ్యండి. రాయమంటే పేజీలు రాత్తానండి. నోటికే రావట్లేదు."

పట్టీ అంటే మెడకు చుట్టుకునే ఒక మెత్తటి బెల్టు. గొంతు దగ్గర రెండు పలుచని రేకులు, చెవిలో పెసరగింజంత పూస. మొదటి నలభై రోజులు అది వింటుందంతే. పాలు పొంగితే ఏమంటారు, కాలికి దెబ్బ తగిలితే ఏమంటారు, ఎవరైనా వస్తే ఏమంటారు, ఆలోచించకుండా వచ్చే మాటలన్నీ రాసిపెట్టుకుంటుంది. తర్వాతి నలభై రోజులు పలికిస్తుంది. అదే సందర్భం వచ్చి గొంతులో మాట కదలగానే, అది బయటికి రాకముందే, ఆ చోట ఇంగ్లీషువాళ్ళు ఏమంటారో చెవిలో ఊది గొంతును అటు తిప్పుతుంది. పేరిందేవి గారు ఒక్కో విడతను ఒక మండలం అనేవారు. మనుషుల్లో మొదట పెట్టుకున్నది మా ఆవిడే. మెడకు బిగించింది నేనే.

రెండో మండలం మొదటి రోజు పాలు పొంగాయి. నూకరత్నం పరుగెత్తుకొచ్చి నోరు తెరిచింది. "ఓ, ఫర్ హెవెన్స్ సేక్!" అంది. అని, తన నోరు తనే మూసుకుంది. ఇద్దరం స్టవ్ కట్టేయడం మరిచిపోయి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం. ఇరవయ్యో రోజుకు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతుంటే ఆవిడే అని పోల్చుకోలేకపోయాను. మండలం పూర్తయ్యేసరికి ఓడల గుమాస్తా ఉద్యోగం ఆవిడ చేతికి వచ్చింది. ఆ రేవులో నిచ్చెన ఎక్కిన మొదటి ఆడమనిషి నా భార్య. నేను వీధంతా మిఠాయి పంచాను.

ఆ తర్వాతే ఆ తువాలు మంగళవారం.

మొదట వేళాకోళం అనుకున్నాను. మర్నాడు, "భోజనము సిద్ధముగా ఉన్నది" అంది. ఆ వారంలోనే మా అత్తమ్మ చెమటలు కక్కుకుంటూ వచ్చింది.

"అల్లుడు గారూ, మా అమ్మాయికి నామీద ఏవన్నా కోపవా అండి? నిన్న ఇంటికొచ్చి, అమ్మా నీ ఆరోగ్యము ఎటులున్నది అనడిగిందండి. రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతంది. నేను పై మనిషినా అండి?"

నూకరత్నం గుమ్మంలో నిలబడి వింటోంది. తల్లి చెయ్యి పట్టుకుంది. ఏదో అనబోయింది. పెదవులు కదిలాయి. "అమ్మా, నీవు నాకు మిక్కిలి ప్రియమైనదానవు" అంది. మా అత్తమ్మ ఏడుపు లంకించుకుంది.

పేరిందేవి గారు రెండు రోజులు పరీక్షలు చేశారు. మూడో రోజు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ అలా తీస్తే తప్పు ఒప్పుకోబోతున్నారని అర్థం.

"చోటు ఒకటే ఉన్నట్టుంది ఓదెలూ. చదువుకున్న తెలుగు ఎక్కడికీ పోలేదు. కథలు చదువుతుంది, ఉత్తరాలు రాస్తుంది. కానీ ఆలోచించకుండా వచ్చే మాట ఉండే చోట ఒక్క భాషే పడుతోంది. ఇంగ్లీషు దాంట్లోకి దిగింది. తెలుగు పుస్తకంలోకి వెళ్ళిపోయింది. నేను ముందే కనిపెట్టాల్సింది."

పట్టీ కోసం పేరు రాయించుకున్న పదకొండు మందినీ ఆవిడ ఆ రోజే ఇంటికి పంపేశారు. నూకరత్నానికి ఒక దారి చెప్పారు. మొదటి మండలంలో రికార్డయిన ఆమె మాటలన్నీ భద్రంగా ఉన్నాయి. వాటినే పట్టీలో వేసి నలభై రోజులు వినిపిస్తే పాత మాట వెనక్కి వస్తుంది. కానీ ఇంగ్లీషు పోతుంది. నూకరత్నం తల అడ్డంగా ఊపింది.

"వలదు" అంది. "ఆ నిచ్చెన ఎక్కునప్పుడు నేను ఎవరికిని భయపడుట లేదు. దానిని నేను వదులుకొనలేను."

తర్వాత డాక్టరు గారి వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో గబగబా అంది. ఇద్దరూ నవ్వారు. నాకొక్క ముక్క అర్థం కాలేదు. నా పెళ్ళాం ఎదురుగానే ఉంది, నేను మాత్రం వీధిలో ఉన్నట్టనిపించింది.

మూడు నెలలు ఓపిక పట్టాను. కావాలని తువాలు మంచం మీద పడేసేవాణ్ణి. కావాలని చెప్పుల కాళ్ళతో వంటింట్లోకి వెళ్ళేవాణ్ణి. "దయచేసి" తప్ప ఇంకోటి రాలేదు. భోజనానికి విరామం ఇస్తే స్టోరు గదిలోకి పోయి ఆ నలభై రోజుల రికార్డు పెట్టుకుని వినేవాణ్ణి. "ఏవండీ, మిమ్మల్నే, ఎన్నిసార్లు పిలవాలండీ, కూర చల్లారిపోతంది" అని వినిపించగానే బుద్ధిలేనివాడిలా "వస్తున్న" అని లేచేవాణ్ణి.

కొత్త మాట వదులు కాకుండా ఉండడానికి ఆవిడ రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే అరగంట పట్టీ పెట్టుకోవాలి. చెవికి తెలిసీ తెలియనంత సన్నగా అది పలుకుతుంది. దాన్ని సరిచూసి ఇచ్చేది నేనే. ఒక సోమవారం నేను దాంట్లో ఇంగ్లీషు తీసేసి, స్టోరు గదిలోని ఆ నలభై రోజులు ఎక్కించాను. ఆవిణ్ణి అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు కాబట్టే అడగలేదు.

నాలుగో రోజు వేడి గిన్నె తగిలి "అబ్బ!" అంది. ఏడో రోజు కాకిని చూసి "వచ్చేవా తల్లీ" అంది. తొమ్మిదో రోజు మంచం మీద తువాలు చూసి "ఏవండీ..." అని ఆగి, ఏమిటిదన్నట్టు గొంతు తడుముకుంది. నేను స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. అంత ఆనందం!

పదకొండో రోజు ఆవిడ ఒక ఓడ మీద ఉండగా, ఒక నావికుడి చెయ్యి గొలుసులో నలిగింది. డాక్టరును, లాంచీని వెంటనే పిలిపించమని కెప్టెన్ కేకలు వేస్తున్నాడు. ఏ లాంచీ, ఎంతసేపు, ఎక్కడికి తీసుకెళ్తారని అడుగుతున్నాడు. ఆవిడకు అంతా అర్థమవుతోంది, నోరు మాత్రం పెగలడం లేదు. చివరికి జేబులోంచి కాగితం తీసి జవాబు రాసి ఇచ్చింది. మనిషి రక్తం కారుతుంటే ఉత్తరాలు రాస్తావా అని అతను ఆ కాగితం చింపేశాడు. లాంచీ ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. కుర్రాడు బతికాడు గానీ, వేలు దక్కలేదు. మర్నాడు ఆఫీసువాళ్ళు ఆవిణ్ణి మళ్ళీ టైపు మిషను ముందు కూర్చోబెట్టారు.

నూకరత్నం తెలివితక్కువది కాదు. పట్టీ పట్టుకుని నేరుగా పేరిందేవి గారి దగ్గరికి వెళ్ళింది. గంటలో ఇంటికి వచ్చింది. నేను వరండాలో పేపరు చదువుతున్నాను. పట్టీ తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"ఏవండీ, మీకు బుద్ధుందా అండి? పడుంటాది గదా అని నా గొంతులో చెయ్యెడతారా? ఆ పిల్లాడి ఏలు పోయిందండి! అక్కడ వాడు గిలగిల్లాడిపోతంటే నేను గుడ్లప్పగించుకుని నిలబడ్డాను. నోరు తెరిత్తే అయ్యో నాయనోయ్ అంటం వత్తంది గానీ ఇంకో ముక్క రావట్లేదు. ఎవరిచ్చారండీ మీకీ పెత్తనం? నా నోరు మీ అబ్బ సొమ్మనుకున్నారా? సిగ్గు లేదా అండి మనిషన్నాక!"

మాట మీద మాట, ఊపిరి తీసుకోకుండా. అండీకీ అండీకీ మధ్య చెంపదెబ్బ. నాలుగు నెలలుగా నేను ఎదురుచూసిన వాన అది. ఆ పిల్లవాడి వేలు గురించి వింటున్నాను, తప్పు చేశానని తెలుస్తూనే ఉంది, అయినా నా ముఖం నా మాట వినలేదు. నేను నవ్వుతున్నానని నాకు తెలియదు.

ఆవిడ ఆగిపోయింది.

"నవ్వుతన్నారా?"

"లేదు రత్నం, గది గాదు..."

"మీకు కావలసింది నేను కాదండి. నా నోరు." ఆవిడ మెట్టు మీద కూలబడింది. గొంతు తగ్గింది. "పట్టీ ఏసుకోకముందు మిమ్మల్నడిగాను. రోజూ అరగంట ఇంగ్లీషులో మాట్లాడుకుందావండి, తప్పులైతే అవనీయండి, మాట్లాడగా మాట్లాడగా అదే వత్తాది అన్నాను. మీరేం చేశారు?"

ఈ సంగతి మీకు ముందు చెప్పలేదు. చెప్పుకోవడానికి ముఖం చెల్లలేదు. ఆవిడ నిజంగానే అడిగింది. మొదటి రోజు ఇడ్లీ వడ్డిస్తూ "డూ యూ వాంట్ మోర్ చట్నీ?" అంది. నేను పొలమారేలా నవ్వాను. "ఏమమ్మా దొరసానీ" అన్నాను. మా అన్నకు ఫోను చేసి చెప్పి వాణ్ణీ నవ్వించాను. మన ఇళ్ళల్లో అంతే కదా, ఆఫీసులో ఎంత ఇంగ్లీషైనా మాట్లాడొచ్చు, వంటింట్లో ఎవరైనా నోరు తిప్పారో ఇల్లంతా ఏకమై నవ్వుతుంది. మూడో రోజుకు ఆవిడ మానేసింది. నేను ఆ అరగంట పెట్టి ఉంటే, ఆ పట్టీతో ఆవిడకు పనే లేదు.

"తప్పయింది" అన్నాను.

"అయింది. ఇప్పుడు రెండు పనులు చెయ్యండి. నా ఇంగ్లీషు నాకెట్టెయ్యండి. ఆ నలభై రోజులూ నా ఎదురుగా చెరిపెయ్యండి."

"రత్నం, అది ఎందుకే? ఒక్క రోజుదన్న ఉంచుకుంట."

"ఒద్దండి. అదున్నంతకాలం మీరు దాంతో కాపరం చేత్తారు. నాతో కాదు."

మర్నాడు స్టోరు గదిలో ఆవిడ పక్కన కూర్చుంది. పేరిందేవి గారు గుమ్మంలో నిలబడ్డారు. ఎందుకైనా మంచిది ఒక నకలు ఉంచుకుందామని ఆవిడ కూడా అనలేదు. నేనే నొక్కాను. నలభై రోజులు చెరగడానికి కాఫీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

మళ్ళీ మండలం మొదలైంది. ఇంగ్లీషు రోజురోజుకూ వెనక్కి వచ్చింది, అండీలు రోజురోజుకూ రాలిపోయాయి. ఏది ఎప్పుడు పోతుందో యంత్రం చూసే నాకు తెలుసు కాబట్టి, ఒక్కోదాన్నీ సాగనంపుతూ కూర్చున్నాను. ఇరవై ఆరో రోజు కత్తిపీటతో నా వేలు తెగితే "జాగర్తండి, చూసుకోరు గదా" అంది. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. మండలం పూర్తయ్యేసరికి ఉద్యోగం తిరిగి ఇచ్చారు. పేరిందేవి గారు పట్టీని ఇంకెవరికీ వేయలేదు. ఎందుకు వేయకూడదో రాసి అచ్చు వేయించారు. అందులో నేను చేసిన పని కూడా పేరుతో సహా ఉంది. ఉండాల్సిందే.

నలభై ఒకటో రోజు ఉదయం కాఫీ గ్లాసు ఆవిడ ముందు పెట్టి, చెమటలు పడుతుంటే, "టుడే విచ్ షిప్ యూ గోయింగ్?" అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఓడ పేరు చెప్పింది, నాకు అర్థమయ్యేంత మెల్లగా ఇంకో రెండు ముక్కలు చెప్పింది. సాయంత్రం ఆవిడ వంతు. "మంచముపై తడి తువాలు ఉన్నచో ఏమనవలెను?" అని అడిగింది. నేను మా ఊళ్ళో మా అమ్మ ఏమనేదో అది చెప్పాను. ఇంకేం చెప్పగలను, నాకు వచ్చిన తెలుగు అదే.

అప్పటి నుంచి రోజూ పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. మొదట్లో ఆవిడ పుస్తకంలో రాసుకునేది. రాసుకోవద్దు, నన్నే అను అన్నాను. పాలు పొంగితే అనాల్సినవి, చుట్టాలు వస్తే అనాల్సినవి, నేను ఆలస్యంగా వస్తే అనాల్సినవి. తప్పులు మాట్లాడేది. కోపంలో అనాల్సింది ప్రేమగా, ప్రేమగా అనాల్సింది కోర్టులో జవాను పిలిచినట్టు అనేది. నేను నాలుక కరుచుకునేవాణ్ణి. నా ఇంగ్లీషు విని ఆవిడ ఎంత కరుచుకుందో నాకు తెలియదు. రెండేళ్ళకు ఆలోచించకుండానే తెలుగు మాట నోటి వెంట మెల్లగా జారడం మొదలైంది. ఇంగ్లీషు పక్కకు తప్పుకోలేదు. పరీక్ష చేసిన పేరిందేవి గారు కళ్ళద్దాలు తీయకుండానే నవ్వారు. ఇలా మాట్లాడుకుంటూ వచ్చింది దేన్నీ తొయ్యలేదు, తన చోటు తనే కట్టుకుంది ఓదెలూ అన్నారు.

ఇరవై నాలుగేళ్ళయింది. మా అత్తమ్మ పోయింది. పేరిందేవి గారూ పోయారు. ఇప్పుడు నా భార్య నన్ను రోజూ తిడుతుంది, పాలను తిడుతుంది, కాకిని పలకరిస్తుంది. కడుపు నిండిపోతుంది. కానీ ఎప్పుడైనా ఆ పాత గొంతు గుర్తు తెచ్చుకుందామని కూర్చుంటే నాలుగే నాలుగు ముక్కలు వస్తాయి. వాటిని పైన రాసేశాను. మిగతాదంతా పోయింది. దాని కోసం ఇప్పటికీ ఏడుస్తాను, ఆవిడ లేనప్పుడు.

మొన్న ఆదివారం ఇద్దరం జగన్నాథపురం చేపల బజారుకు వెళ్ళాం. ఒక ముసలమ్మ గంప ముందు నూకరత్నం గొంతుక్కూర్చుని చేప మొప్పలు ఎత్తి చూసింది.

"గిదేందవ్వా, నిన్నటి చాపను ఇయ్యాల్ది అని జెప్తున్నవ్? మాకు ఎరుక లేదనుకున్నవా?"

"బాబ్బాబు, తెల్లారగట్ల ఒడ్డున పడ్డదేనండి, అమ్మతోడు" అంది ముసలమ్మ. ఆవిడ ముఖంలోకి చూసి నవ్వింది. "తమరిది ఏ ఊరండి అమ్మగారూ? తెలంగాణా అండి?"

నూకరత్నం చెయ్యి చేప మీదే ఆగిపోయింది. ఆ గంప పెట్టిన చోటికి నాలుగిళ్ళ అవతలే ఆవిడ పుట్టింది.

"గీ ఊరే అవ్వా. గా ఎనక వీధిలనే పుట్టిన, గీడనే పెరిగిన."

"ఊరుకోండి అమ్మగారూ, మీ ఏళాకోళం!" ముసలమ్మ పక్క గంప ఆవిడకు కూడా చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

నూకరత్నం నా వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"నువ్వన్న జెప్పరాదూ, నేను గీడిదాన్నే అని."

"అవ్వా, నిజమే జెప్తున్నది. గీమె మీ ఊరామెనే" అన్నాను.

ముసలమ్మ నా మాట విని ఇంకా గట్టిగా నవ్వింది.